మన కాళ్ల కింది గోండ్వానా



2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద భూమి కదిలింది. దాని తీవ్రత 5.3. భూపాలపల్లి, వరంగల్, ఖమ్మం మొదలుకొని హైదరాబాదు, విజయవాడ దాకా, అవతల మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్ దాకా జనానికి తెలిసింది. కొన్ని సెకన్లే. ప్రాణనష్టం లేదు. కానీ ఆ కొన్ని సెకన్ల గురించి ముచ్చట్లు మాత్రం ఇంకా అయిపోలేదు. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట దిక్కు పిల్లలు సెలవులకు పోయి వచ్చినప్పుడల్లా ఒక కొత్త మాట మోసుకొస్తున్నారు. "బొగ్గు తవ్వి తవ్వి భూమి కింద బోలు అయిందట!" "ఈసారి పెద్దది వస్తదట, తారీఖు గూడ చెప్పిన్రట!" "ఆదిశేషుడు పడగ మార్చుకున్నడట!" వీటికి తోడు మన దగ్గరి ధీమా ఒకటి: "జఫర్‌గఢ్ అంతా రాతి నేల, మనకేం గాదు."

ఈ నాలుగు మాటల్లో ఏది ఎంత నిజమో తేలాలంటే ముందు భూమి లోపలికి పోవాలి. వ్యాసం కొంచెం పెద్దదే. నిలబడి చదవలేనివాళ్లు సగం ఈ రోజు, సగం రేపు చదవండి. గోడ ఎక్కడికీ పోదు.

భూమి లోపల ఏముందో ఎట్లా తెలిసింది?

లోపలికి ఎవరూ పోలేదు. పోవాలని చూసినవాళ్లు ఉన్నారు. రష్యాలో కోలా అనే చోట 1970లో బోరు మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దించారు. అక్కడ వేడి 180 డిగ్రీలు దాటింది, పనిముట్లు నిలవలేదు, ఆపేశారు. భూమి నడిబొడ్డు మన కాళ్ల కింద 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. 12 కిలోమీటర్లంటే అందులో ఐదు వందల వంతు కన్నా తక్కువ. మామిడికాయ మీద గోరుతో గీసినట్టు. తొక్క కూడా తెగలేదు!

మరి పుస్తకంలో ఆ పొరల బొమ్మలు ఎట్లా గీశారు? సంతలో అమ్మ కుండ కొనేటప్పుడు ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. వేలితో కొట్టి చెవి పెడుతుంది. ఖణేల్‌మంటే మంచి కుండ, బొద్దుగా మోగితే పగులుంది. శాస్త్రవేత్తలు చేసింది కూడా ఇదే. తేడా ఏమంటే భూమి అంత పెద్ద కుండను కొట్టే చెయ్యి మనిషికి లేదు. ఆ దెబ్బ భూకంపమే కొడుతుంది. ప్రపంచంలో ఒక మూల పెద్ద భూకంపం వస్తే ఆ అదురు భూమి లోపలి నుంచి ప్రయాణం చేసి ఇంకో మూల బయటికి వస్తుంది. ఎంతసేపటికి వచ్చింది, ఏ దారిన వచ్చింది అని భూకంప లేఖినితో లెక్క కడతారు.

ఈ అదురు రెండు రకాలు. మొదటిది ప్రాథమిక తరంగం. ఇది ముందూ వెనకా నెట్టుకుంటూ పోతుంది, వేగం ఎక్కువ, రాయిలోనూ నీళ్లలోనూ పోగలదు. రెండోది గౌణ తరంగం. ఇది తాడును ఊపినట్టు అటూ ఇటూ ఊగుతూ పోతుంది, నెమ్మది, ద్రవంలో అసలు పోలేదు. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు, మిగతాదంతా దీని నుంచే వస్తుంది.

1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. దాన్ని పరిశీలించినవాడు మన భారత భూగర్భ సర్వేలో పనిచేసిన ఓల్డ్‌హామ్. ఈ రెండు తరంగాలను లేఖిని గీతల్లో విడదీసి చూపిన ఘనత ఆయనదే. 1906లో ఆయనే భూమి మధ్యలో వేరే పదార్థంతో ఒక కేంద్రం ఉందని చెప్పాడు. 1909లో మొహరోవిచిచ్ అనే ఆయన పై పెంకు ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టాడు. 1936లో డెన్మార్కు దేశపు ఇంగె లేమన్ అనే ఆవిడ, ఆ కేంద్రంలో కూడా రెండు భాగాలున్నాయని తేల్చింది. ఆవిడ నూట నాలుగేళ్లు బతికింది. ఇది పరీక్షకు రాదు గానీ రాయాలనిపించింది.

ఇక పొరలు. అన్నిటికంటే పైది భూపటలం. సముద్రాల కింద ఏడెనిమిది కిలోమీటర్లు, మన దగ్గర సుమారు 35 నుంచి 40 కిలోమీటర్ల మందం. దాని కింద 2,900 కిలోమీటర్ల దాకా భూప్రావారం. ఆపైన 5,150 కిలోమీటర్ల దాకా కరిగిన ఇనుము, నికెల్ ఉన్న బయటి కేంద్రం. గౌణ తరంగాలు ఆగిపోయేది ఇక్కడే, అందుకే అది ద్రవమని తెలిసింది. మధ్యలో గట్టి ఇనుప గుండు. అక్కడి వేడి 5,000 డిగ్రీల పైమాటే, అయినా మీది బరువు నొక్కుడుకు కరగలేక గట్టిగానే ఉంది.

ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరబడతారు. భూపటలం కింద అంతా మండే లావా సముద్రం ఉందనీ, మనం దాని మీద తెప్పలాగా తేలుతున్నామనీ రాస్తారు. అట్లా కాదు. భూప్రావారం రాయే, గట్టిదే. కానీ రోడ్డు వేసేవాళ్లు వదిలిపెట్టిన తారు ముద్దను చూడండి. సుత్తితో కొడితే ముక్కలవుతుంది. అదే ముద్ద నాలుగు రోజులు ఎండలో ఉంటే దానంతట అదే చదునుగా పారుతుంది. భూప్రావారపు రాయి కూడా అంతే. కొట్టేవాడికి రాయి, కోట్ల ఏళ్లు ఓపిక పట్టేవాడికి ముద్ద.

పలకలు

భూపటలమూ, దాన్ని అంటుకుని ఉన్న భూప్రావారపు పై భాగమూ కలిసి గట్టి పెంకులాగా ఉంటాయి. దీన్ని ఆశ్మావరణం అంటారు. ఇది ఒకే ముక్క కాదు. ఏడు పెద్ద పలకలు, ఇంకా చాలా చిన్న పలకలు. వీటినే ప్లేట్లు అంటారు. మనది భారత పలక. అది ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం దిక్కుగా జరుగుతోంది. మన గోళ్లు పెరిగే వేగం కన్నా కాస్త ఎక్కువ. 5వ తరగతిలో హాస్టల్లో చేరి ఇప్పుడు 10వ తరగతిలో ఉన్నవాళ్లు ఒక్క అడుగు వేయకుండానే పాతిక సెంటీమీటర్లు ప్రయాణం చేశారు. ట్రంకు పెట్టెతో సహా! హైదరాబాదులో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉపగ్రహాల సాయంతో ఈ కదలికను నిత్యం కొలిచే పరికరం ఉంది. అంటే ఇది ఊహ కాదు, కొలత.

ఏది కదిలిస్తుంది? లోపలి వేడికి భూప్రావారం అన్నం ఎసరులాగా చాలా నెమ్మదిగా కింది నుంచి మీదికి, మీది నుంచి కిందికి తిరుగుతుంది. ఇది ఒక కారణం. ఇంతకంటే బలమైనది ఇంకోటి. కొన్ని చోట్ల పలక అంచు చల్లబడి బరువెక్కి లోపలికి దిగిపోతుంది. దండెం మీద తడి దుప్పటి ఒక పక్క ఎక్కువ వేలాడితే ఏమవుతుంది? మొత్తం దుప్పటిని ఆ పక్కకే లాక్కుపోతుంది. పలకలను లాగేది చాలావరకు ఈ దిగిపోయే అంచే.

పలకలు విడిపోయే చోట కొత్త సముద్రం పుడుతుంది, రాసుకునే చోట నేల చీలుతుంది, ఢీకొనే చోట కొండలు లేస్తాయి. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భారత పలక అంచు పక్క పలక కిందికి దూసుకుపోయిన చోటే 9.1 తీవ్రత భూకంపం వచ్చి, సునామీ మన ఆంధ్ర తీరం దాకా కొట్టింది.

గోండ్వానా ఎవరి పేరు?

సాంఘిక శాస్త్రం పుస్తకంలో "గోండ్వానా భూమి" అని చదువుతాం. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒక్కటిగా ఉన్న మహాఖండం పేరు అది. అమెరికాలో చదివే పిల్లలూ, ఆఫ్రికాలో చదివే పిల్లలూ ఇదే మాట బట్టీ పడతారు. కానీ ఆ మాట ఎక్కడిదో వాళ్లకు తెలియదు, మనలో కూడా చాలామందికి తెలియదు. అది గోండుల పేరు. చాందా, దేవగఢ్, గఢా మండ్లా రాజ్యాలను ఏలిన గోండుల నేలను గోండ్వానా అనేవాళ్లు. 1870ల్లో భారత భూగర్భ సర్వేవాళ్లు ఆ నేలలోని బొగ్గు రాళ్లకు ఈ పేరు పెట్టారు. 1885లో ఎడ్వర్డ్ సూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త అదే పేరును మహాఖండానికి ఇచ్చాడు. గోండులూ, మన కోయలూ తమ భాషలో తమను కోయితూర్ అనే చెప్పుకుంటారు. క్లాసులో "గోండు" అన్న మాటకు నవ్వినవాళ్లు ఎవరైనా ఉంటే, పరీక్షలో గోండ్వానా అని రాసేటప్పుడు ఇది ఒకసారి తలుచుకోవాలి.

ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయని ఏం రుజువు? 1912లో ఆల్‌ఫ్రెడ్ వెజినర్ ఈ మాట అన్నప్పుడు పెద్ద పెద్ద పండితులే ఎగతాళి చేశారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేనాటికి ఆయన మాట ఒప్పుకున్నవాళ్లు తక్కువ. 1960ల్లో సముద్రం అడుగు రాళ్లను పరిశీలించాకే నమ్మారు. కానీ ఆయన చూపిన రుజువుల్లో ఒకటి మన గోదావరి ఒడ్డున కూడా దొరుకుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని, ఇల్లెందు బొగ్గుతోపాటు వచ్చే రాతిపొరల్లో నాలుక ఆకారపు ఆకుల అచ్చులు ఉంటాయి. ఆ చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. వయసు 25 కోట్ల ఏళ్ల పైనే. అదే ఆకు దక్షిణ ఆఫ్రికాలో ఉంది, బ్రెజిల్‌లో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, చివరికి అంటార్కిటికా మంచు నడుమా ఉంది. చెట్టు సముద్రం ఈదదు. నేలలే విడిపోయాయి.

బొగ్గు పొరల అడుగున ఇంకో వింత ఉంది. హిమానీ నదాలు ఈడ్చుకొచ్చి పడేసిన గులకరాళ్ల పొర. ఏప్రిల్ నెలలో రేకుల కింద ఉడికిపోయే మన నేల ఒకప్పుడు దక్షిణ ధ్రువానికి దగ్గరగా మంచు కింద ఉండేది! తర్వాత మంచు కరిగింది, అడవులు పెరిగాయి, కూలాయి, బురదలో పూడి బొగ్గయ్యాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కింద మన నేల అంటార్కిటికాను విడిచింది, 9 కోట్ల ఏళ్ల కింద మడగాస్కర్‌ను వదిలింది, ఆ తర్వాత ఏడాదికి 15 సెంటీమీటర్ల పైన వేగంతో ఉత్తరానికి ఉరికింది. ఏ ఖండమూ అంత వేగంగా పోలేదు. మన పలక మందం కేవలం నూరు కిలోమీటర్లే ఉండటం వల్ల అంత వేగం వచ్చిందని మన హైదరాబాదు సంస్థవాళ్లు జర్మనీ వాళ్లతో కలిసి 2007లో చెప్పారు. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాను గుద్దుకుంది. హిమాలయాలు లేచాయి. గుద్దుకుని ఆగిపోయిందా? లేదు. ఇప్పటికీ నెడుతూనే ఉంది.

గోదావరి లోయ ఎందుకు కదులుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. మన ఇటువైపు జనగామ, వరంగల్ అంతా గ్రానైటు. అవతల ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు కూడా పాత గట్టి రాయే. ఈ రెండు గట్టి దిమ్మెల నడుమ చంద్రపూర్ దిక్కు నుంచి భద్రాచలం మీదుగా తీరం దిక్కు దాకా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పొడుగాటి పగులు లోయ ఉంది. ఇరుపక్కలా పగుళ్లు పడి నడిమి నేల కిందికి కుంగింది. కోట్ల ఏళ్లు కుంగుతూనే ఉంది, నదులు తెచ్చిన ఇసుక, బురద అందులో కిలోమీటర్ల మందం నిండుతూనే ఉంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి ఈ గాడి వెంటే కిందికి పోతుంది. కుంగిన గాడిలో పూడింది కాబట్టే మన బొగ్గు చెదిరిపోకుండా మిగిలింది. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర చూసిన బొగ్గూ, ఇప్పటి భూపాలపల్లి కాకతీయ గనుల బొగ్గూ ఈ గాడిలోదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికి ఇప్పుడు హైదరాబాదు బిర్లా మ్యూజియంలో నిలబడి ఉన్న కోటాసారస్ రాకాసిబల్లి ఎముకలూ ఇందులోవే. మణుగూరు పక్కన పగిడేరులో బోర్ల నుంచి వేడినీళ్లు ఉబికి రావడం కూడా ఇక్కడే.

మరి పలక అంచు ఎక్కడో హిమాలయాల దగ్గర ఉంటే నడి మధ్యలో ఉన్న ములుగు ఎందుకు అదిరింది? మళ్లీ కుండ దగ్గరికే వద్దాం. పగిలిన కుండకు లక్క పెట్టి అతికిస్తారు. నీళ్లు మోయడానికి పనికొస్తుంది. కానీ ఎక్కడైనా గట్టిగా నొక్కితే ముందు కదిలేది పాత పగులే. ఉత్తరాన హిమాలయాలు అడ్డం ఉంటే, దక్షిణం నుంచి పలక నెడుతుంటే, ఆ ఒత్తిడి పలక అంతటా పాకుతుంది. గట్టి గ్రానైటు ఓర్చుకుంటుంది. అతుకు ఓర్చుకోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది ఈ అతుకే. 55 ఏళ్ల తర్వాత ములుగు దగ్గర కదిలిందీ ఇదే.

ఇక బొగ్గు తవ్వితే బోలు అయిందన్న మాట. గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది. మొన్నటి కదలిక మొదలైంది దాదాపు 40 కిలోమీటర్ల లోతున అని జాతీయ భూకంప కేంద్రం చెప్పింది. అంటే భూపటలం అట్టడుగున. గనిలో పైకప్పు కూలితే ఆ చుట్టుపక్కల అదురు రావచ్చు, కానీ అది విజయవాడ దాకా పోదు. 2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలిన సంగతిని కూడా కొందరు దీనికి ముడిపెడుతున్నారు. గాలి మీది పని, భూకంపం కింది పని. రెండూ ఒకే అడవిలో జరిగాయి, అంతే. తారీఖు చెప్పినవాళ్ల మాట సరేసరి. ఏ రోజు, ఏ చోట, ఎంత పెద్దది అని ముందే చెప్పగలిగిన శాస్త్రవేత్త ప్రపంచంలో ఇప్పటిదాకా లేడు.

జఫర్‌గఢ్ రాతి నేల

మన కోట గుట్ట రాయి గ్రానైటు. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి మొత్తం వయసు 454 కోట్లు. అంటే భూమి సగం వయసు దాకా మన గుట్ట చూసింది! ఇటువంటి గుట్టల్లో అక్కడక్కడ నల్లరాతి పట్టీ అడ్డంగా పోతుంటుంది. గ్రానైటు పగిలినప్పుడు కింది నుంచి కరిగిన రాయి ఎక్కి గట్టిపడిన గుర్తు అది.

మొన్నటి కేంద్రం మనకు సుమారు 110 కిలోమీటర్ల దూరం. లోతు కూడా కలిపితే అదురు 117 కిలోమీటర్లు రావాలి. ప్రాథమిక తరంగం సెకనుకు 6 కిలోమీటర్లు, గౌణ తరంగం 3.5 కిలోమీటర్లు పోతాయనుకుంటే, మొదటిది 19 సెకన్లకు, రెండోది 33 సెకన్లకు చేరుతుంది. నడుమ 14 సెకన్లు. మెరుపుకూ ఉరుముకూ నడుమ లెక్కపెట్టి పిడుగు ఎంత దూరమో చెప్తాం కదా, ఇదీ అట్లనే. ఆ ఎడాన్ని 8తో హెచ్చిస్తే సుమారు దూరం వస్తుంది. 14 ఎనిమిదులు 112. సరిపోయింది చూడండి.

అయితే రాతి నేల కాబట్టి ఏం కాదా? 2002లో వేసిన దేశ భూకంప పటంలో భద్రాచలం వైపు గోదావరి లోయ 3వ జోన్, హైదరాబాదు వైపు 2వ జోన్. మన దగ్గర ప్రమాదం తక్కువ అన్నది నిజం. లేదన్నది నిజం కాదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో వచ్చింది. దక్కన్ పీఠభూమి గట్టిదని అక్కడివాళ్లు కూడా నమ్మి ఉన్నారు. ఎనిమిది వేల మందికి పైగా పోయారు.

వాళ్లను చంపింది భూకంపమా? నా లెక్కలో గోడలు. బండరాళ్లు మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద మట్టి మిద్దెలు. నిద్రలో ఉన్నవాళ్ల మీద అవే పడ్డాయి. మన గూడేల్లో కర్ర గుంజలు పాతి, వెదురు తడికలకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన ఇల్లు ఊగుతుంది గానీ కూలి మనిషిని నలపదు. నిప్పుకు భయం, వానకు ఇబ్బంది, కానీ భూకంపానికి అది మంచి ఇల్లే. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. మీది బరువు తగ్గించాలని ఆనాటి వడ్రంగులకూ, కాసెపనివాళ్లకూ తెలుసు. ఇప్పుడు ఊళ్లో పిల్లర్లు లేకుండా ఇటుక గోడ మీదే స్లాబు పోస్తున్నారు. ఆ ఇల్లు చూసి మన తడిక ఇంటిని చిన్నచూపు చూడనక్కర లేదు. స్లాబు వేసుకునే స్తోమత ఉంటే ఇంట్లో చెప్పండి: పిల్లర్లు, వాటిని కలిపే బీములు, మూలల్లో ఇనుము. ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది.

హాస్టల్లో అదిరితే

5.3కూ 7.7కూ తేడా 2.4 అనుకోకండి. ఒక్క అంకె పెరిగితే శక్తి 32 రెట్లు పెరుగుతుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లో వచ్చిన 7.7 భూకంపం, మొన్న ములుగులో వచ్చినటువంటివి నాలుగు వేలు కలిపినంత. కాబట్టి "మొన్న ఏం కాలేదు గదా" అన్న మాటకు విలువ లేదు.

అదురు మొదలవగానే మెట్ల వైపు ఉరకొద్దు. 200 మంది ఒక్క మెట్ల దారిలో పడితే భూకంపం చేయని పని తొక్కిసలాట చేస్తుంది. క్లాసులో ఉంటే బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోవాలి. డార్మెటరీలో ఉంటే కిటికీ అద్దాలకు దూరంగా మంచం పక్కన వంగి, దిండుతో తల కప్పుకోవాలి. వంటగదిలో ఉన్నవాళ్లు గ్యాసు కట్టెయ్యాలి. అదురు ఆగాక వరుసగా గ్రౌండులోకి రావాలి. నీళ్ల ట్యాంకు కింద, కరెంటు స్తంభం కింద, ప్రహరీ గోడ పక్కన నిలబడకూడదు.

వార్డెన్ సార్లకు మూడు మనవులు. ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి తల ఎత్తు దాకా పేరుస్తున్నాం, వాటిని మంచాల కిందికి మార్పించాలి. రాత్రిపూట బయటి నుంచి తాళం పడే తలుపు ఏదైనా ఉంటే దాని తాళంచెవి లోపల పడుకునే పెద్ద తరగతి విద్యార్థి ఒకరి దగ్గర కూడా ఉండాలి. నెలకు ఒక్కసారి, గంట కొట్టి అందరం గ్రౌండులోకి ఎన్ని నిమిషాల్లో వస్తామో చూడాలి. మొదటిసారి టైము చూసే పని మా సైన్స్ క్లబ్‌కు ఇస్తే సంతోషం.

ఈసారి ఎప్పుడైనా కదిలితే, బయటికి వచ్చి క్షేమంగా ఉన్నాక, వెంటనే ఒక కాగితం మీద ఇవి రాయండి: గడియారంలో టైము, ఎక్కడ ఉన్నారు, ఎన్ని సెకన్లు, మొదటి అదురుకూ రెండో పెద్ద అదురుకూ నడుమ ఎంత ఎడం, కిటికీలు చప్పుడు చేశాయా, వేలాడే బల్బు ఊగిందా, చెంబులో నీళ్లు తొణికాయా. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు. కాగితాలన్నీ కలిపి 8తో హెచ్చించి చూద్దాం.